నిప్పు తెలిసినవారి వనభోజనం

రేయింబవళ్లు కొలిమి ముందు నిలిచే భిలాయి కార్మికులు సెలవునాడు అడవి అంచుకు పోయి మళ్లీ నిప్పే రాజేస్తారు. ఆ నిప్పులో రుచి ఉంది, చరిత్ర ఉంది, మరువరాని హెచ్చరికా ఉంది.

డిసెంబరు ఉదయం. తాందులా జలాశయం మీద పొగమంచు ఇంకా విడలేదు. గట్టు పక్క మట్టిదారిలో రెండు జీపులు, ఒక చిన్న బస్సు వచ్చి ఆగాయి. పిల్లలు మొదట దిగి నీటివైపు పరుగెత్తారు. తల్లులు వారిని కేకలు వేసి వెనక్కు పిలిచారు. ఆ తరువాత జంపఖానాలు, గిన్నెలు, బొగ్గుల బస్తా, ఒక ఇనుప కుంపటి, చేతికర్రంత పొడవున్న ఇనుప ఊచల కట్ట దిగాయి. చివరగా, నిద్ర చాలని కళ్లతో నలుగురు మగవారు దిగారు. వారు ఉదయం 6 గంటలకే రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవారు. గంటల క్రితం వరకు ఉక్కు కర్మాగారంలో పెనునిప్పు ముందు నిలిచినవారు, ఇప్పుడు మూడు రాళ్ల మధ్య చిన్ననిప్పు చేయడానికి కూర్చున్నారు.

శీతాకాలమంతా భిలాయి చుట్టుపక్కల నీటితీరాలలో ఇటువంటి దృశ్యం కానవస్తుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఇక్కడ ఎండ మెత్తగా ఉంటుంది. వేసవి వస్తే ఛత్తీస్‌గఢ్ మైదానం పెనంలా కాలుతుంది. అప్పుడు నిప్పు అన్న మాట వినడానికి కూడా ఎవరికీ మనసొప్పదు. అందుచేత ఏడాది మొత్తానికి సరిపడే ఆటవిడుపును ఈ నాలుగు నెలలలోనే చూసుకోవాలి.

పల్లెల నడుమ ఉక్కునగరం

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒడంబడిక కుదిరేనాటికి భిలాయి దుర్గ్ జిల్లాలో వరి పొలాల నడుమనున్న ఒక చిన్న ఊరు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. సోవియట్ నిపుణుల బృందానికి నాయకత్వం వహించిన వెనియమిన్ దిమ్‌షిత్స్ అనంతరకాలంలో తన దేశానికి ఉపప్రధాని అయ్యారు. ఏటా 10 లక్షల టన్నుల ఉక్కు లక్ష్యంతో మొదలైన కర్మాగారం 25 లక్షలకు, ఆపైన 40 లక్షల టన్నులకు పెరిగింది. 2018లో రాజేసిన ఎనిమిదవ ఫర్నేసుకు మహామాయ అని పేరు పెట్టారు. దాని గర్భం 4,060 ఘనపు మీటర్లు. దేశంలో రైలెక్కిన ప్రతి ప్రయాణికుడూ ఎప్పుడో ఒకప్పుడు భిలాయి పట్టాల మీదుగా సాగినవాడే.

కర్మాగారంతోపాటు నగరమూ లేచింది. సెక్టర్లుగా విడగొట్టిన నివాసాలు, విశాలమైన వీథులు, వాటి పొడవునా చెట్లు. సోవియట్ నిపుణులు నివసించిన సెక్టర్ 7 లోని ఇళ్ల సముదాయాన్ని పాతవారు రష్యన్ కాంప్లెక్స్ అనే పిలుస్తారు. 1972లో నెలకొల్పిన ఉద్యానానికి మైత్రీబాగ్ అని పేరిడడంలోనూ ఆ స్నేహమే ఉంది.

పని ఉన్నచోటికి జనం వస్తారు. పంజాబు, కేరళ, బెంగాలు, ఒడిశా, బీహారు నుండి వచ్చినట్లే తెలుగుదేశం నుండీ వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవారికి దారి ముందే సిద్ధంగా ఉంది. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం కొండలు దాటించి వారిని ఈ మైదానంలో దింపింది. నేడు ఖుర్సీపార్‌లోనూ, క్యాంపు పేటలలోనూ, చరోదా రైల్వే కాలనీలోనూ తెలుగు మాట చెవినపడుతుంది. సెక్టర్ 5 లోని బాలాజీ దేవాలయం వారందరికీ కూడలి.

ఆ వలసవచ్చినవారు తమ వెంట కార్తీక వనభోజనాన్ని కూడా తెచ్చుకున్నారు. ఉసిరిచెట్టు నీడను పూజ, పప్పు, పులిహోర, గుమ్మడికాయ పులుసు. ఆ మాసం ముగిసేవరకు చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. మార్గశిరం ప్రవేశించగానే రెండవ వనభోజనం వంతు వస్తుంది. దీనికి పూజ లేదు, పంచాంగం లేదు; కావలసినది ఒక్కటే, అందరికీ ఒకేనాడు దొరికే సెలవు.

అదే దుర్లభం. కర్మాగారం ఆదివారమని ఆగదు. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10, ఇలా మూడు షిఫ్టులలో మనుషులు మారుతారే గాని పని మారదు. ఒకరికి మంగళవారం సెలవైతే మరొకరికి శుక్రవారం. భర్తకు సెలవున్ననాడు పిల్లలకు బడి. పదికుటుంబాలు ఒకచోట చేరాలంటే నెలముందు నుండి సెలవులు సర్దుకోవాలి, ఒకరి షిఫ్టు మరొకరు చేయాలి. అందుకే రాత్రి పనిచేసి నిద్ర మానుకొని అయినా వస్తారు. కలిసి తినే ఒక్కపూట అన్నానికి భిలాయిలో చెల్లించే వెల అది.

ఎర్రకొండల దారి

దుర్గ్ దాటి దక్షిణంగా బాలోద్ వైపు సాగే దారిలో మొదట వరి మళ్లు, తరువాత చెరువులు, ఆపైన చెట్లు చిక్కబడతాయి. ఇప్ప, తునికి, మోదుగ, సాలవృక్షాలు వరుసకడతాయి. భిలాయి నుండి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, బాలోద్ పక్కన, తాందులా ఆనకట్ట వస్తుంది. బ్రిటిష్‌వారి కాలంలో పొలాలకు నీరివ్వడానికి కట్టిన ఈ జలాశయమే తరువాత ఉక్కు కర్మాగారం దాహాన్ని తీర్చింది. ఇక్కడి నీరు కాలువలగుండా మరోదా చెరువులకు చేరి కర్మాగారంలో ప్రవేశిస్తుంది. వనభోజనానికి వచ్చినవారు కాళ్లు కడుక్కునే నీరే రేపు వారి ఫర్నేసు గోడలను చల్లబరుస్తుంది.

మరికొంత దూరం పోతే దల్లీ–రాజహరా ఎర్రకొండలు. వాటి ఇనుము సంగతి 19వ శతాబ్దం చివర భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోసు వెలుగులోకి తెచ్చారు. టాటాల తరపున అన్వేషకులు ఇక్కడికి వచ్చినప్పుడు అడుగుల కింద కొండ లోహంలా మోగిందని చెబుతారు. ఖనిజం శ్రేష్ఠమైనదే, కాని మిగిలిన వసతులు కలిసిరాక వారు మయూర్‌భంజ్ వైపు మరలిపోయారు. దానితో 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ జమ్‌షెడ్‌పూర్‌ను వరించింది. దల్లీ కొండలు మరో అర్ధశతాబ్దం భిలాయి కోసం వేచి ఉన్నాయి. ఇప్పుడా నిల్వలు తరిగిపోతుండగా, కర్మాగారం చూపు ఇంకా దక్షిణాన ఉన్న రావ్‌ఘాట్ కొండల మీద పడింది.

ఈ ప్రాంతానికి ఇనుము కరిగించడం రష్యన్లు నేర్పిన విద్య కాదు. మైకల కొండలలోని అగారియాలు తరతరాలుగా మట్టి కొలిమిలో సాలవృక్షపు బొగ్గుతో ఇనుము తీసేవారు. కాళ్లతో తొక్కే తోలుతిత్తులతో గాలి ఊదేవారు. వెరియర్ ఎల్విన్ 1942లో ప్రచురించిన గ్రంథంలో వారి వృత్తిని, పురాణాలను వివరించారు. వారి పేరు 'ఆగ్', అంటే నిప్పు, నుండి వచ్చిందని ఒక అభిప్రాయం. కర్మాగారపు పెనుకొలిమికీ ఆ మట్టికొలిమికీ పరిమాణంలో భేదమే తప్ప మూలసూత్రంలో భేదం లేదు. రెండింటిలోనూ బొగ్గు కాలి ఖనిజంలోని ప్రాణవాయువును లాగివేస్తుంది, ఇనుము మిగులుతుంది. తాందులా గట్టున వెలిగే కుంపటి ఆ కుటుంబంలో అందరికంటె చిన్నది.

మంట మీద కాదు, నిప్పు మీద

కుంపటి వెలిగించగానే కుర్రవాళ్లకు తొందర. మంట ఎగసిందో లేదో ఊచలు అందుకుంటారు. రిటైరైన ఫర్నేసు కార్మికుడు ఒకరు చేయెత్తి వారిస్తారు.

"ఆగండ్రా బాబూ! మంట మీద కాదు, నిప్పు మీద కాల్చాలి."

"ఎంతసేపు తాతగారూ? ఆకలేస్తోంది."

"బొగ్గు మీద బూడిద తెల్లగా పరుచుకోవాలి. అందాకా ఉల్లిపాయలు తరగండి."

తాతగారి మాటలో శాస్త్రముంది. కట్టెను గాలి తగలకుండా కాల్చితే తడి, పొగబెట్టే పదార్థాలు పోయి దాదాపు శుద్ధమైన కర్బనం మిగులుతుంది. అదే బొగ్గు. కర్మాగారంలో రాతిబొగ్గును ఇలాగే గాలి లేకుండా కాల్చి కోకు తయారుచేస్తారు. సరిగా రాజుకున్న బొగ్గుకు మంట తక్కువ, పొగ తక్కువ. ఎర్రని కణకణ నుండి వెలువడే వేడి మాత్రం నిలకడగా, అధికంగా ఉంటుంది. ఎగసే మంటలో పెట్టిన మాంసం పైన మాడి లోన పచ్చిగా ఉండిపోతుంది. నిప్పు మీద తిప్పుతూ కాల్చినది పైన ఎర్రబడి లోన మెత్తబడుతుంది.

ఆ ఎర్రదనానికీ, నోరూరించే వాసనకూ కారణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త మెయిలార్డ్ 1912లో వివరించాడు. 140 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో మాంసకృత్తుల అంశాలు, చక్కెరలు కలిసి వందలాది కొత్త రుచులుగా మారుతాయి. నీటిలో ఉడికే మాంసం 100 డిగ్రీలు దాటదు. ఇంటి కూరలో ఎన్ని మసాలాలు దట్టించినా కాల్చిన మాంసపు వాసన రాకపోవడానికి అదే కారణం.

ఊచకు గుచ్చి కాల్చడం మనకు కొత్త కాదు. అమరకోశంలోనే దీనికి శూల్యమనీ భటిత్రమనీ పేర్లున్నాయి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజుగారి వంటలను వివరిస్తూ నిప్పులపై కాల్చే మాంసానికీ చోటిచ్చాడు. మొగలాయీల సీఖ్ కబాబులోని 'సీఖ్' అంటే ఊచే. సోవియట్ దేశంలో కాకసస్ కొండల నుండి మాస్కో దాకా ప్రజలు సెలవునాడు ఊరి వెలుపలికి పోయి కాల్చుకు తినే 'షష్లిక్' పేరు కూడా తాతారు భాషలో ఊచ అనే అర్థం గల మాట నుండి పుట్టింది. గొర్రె మాంసానికి ఉల్లి, పులుపు పట్టించి, మంగల్ అనే ఇనుప కుంపటి మీద తిప్పుతూ కాల్చడం వారి పద్ధతి. సోవియట్ ఇంజనీరూ, పంజాబీ ఫోర్‌మనూ, శ్రీకాకుళం కళాసీ ఒకే కర్మాగారంలో పనిచేసిన ఊరిలో, ఊచమాంసం మాత్రం ఎవరికీ పరాయిది కాదు.

తాందులా గట్టున తెలుగు చేతులలో దాని రూపం వేరు. ముందురాత్రే కోడిమాంసానికి గాట్లు పెట్టి, పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టిస్తారు. మేకమాంసమైతే పచ్చి బొప్పాయి ముద్ద చేరుస్తారు. అందులోని పపైన్ అనే పదార్థం కండను మెత్తబరుస్తుంది. ఇనుప ఊచలు దొరకనివారు పచ్చి వెదురు పుల్లలను నీటిలో నానబెట్టి వాడతారు.

పక్కనే ఛత్తీస్‌గఢీ మిత్రుని భార్య తన పని తాను చేసుకుపోతుంది. బియ్యపు పిండి ముద్దను ఆకుల మధ్య చుట్టి నిప్పులలో పూడుస్తుంది. అదే అంగాకర్ రొట్టె. ఆకు నల్లగా మాడి విడివడేసరికి రొట్టె పైన కరకరలాడుతూ, లోన మెత్తగా, ఆకువాసనతో బయటికి వస్తుంది. కాల్చిన టమాటాలు, పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి నూరిన పచ్చడి దానికి జత. ఇంట్లో చద్దన్నం తిని పెరిగిన తెలుగు ఇల్లాలు, ఆమె చెప్పే 'బోరే–బాసీ' కూడా నీటిలో నానిన రాత్రి అన్నమే అని తెలిసినప్పుడు, "అయితే మనది ఒకటే వంటిల్లు వదినా" అంటుంది. భిలాయిలో చుట్టరికాలు ఇలా కలుస్తాయి.

కంటికి కనపడని శత్రువు

ఈ వేడుకలో తాతగారు చిరునవ్వు లేకుండా చెప్పే మాట ఒకటుంది. సాయంకాలం చలిగాలి తిరిగితే ఎవరో ఒకరు, "కుంపటి గుడారంలోకి తెచ్చుకుందామా?" అంటారు. ఆయన వెంటనే లేచి నిలబడతారు. "కుదరదు" అంటారు. అంతే.

బొగ్గు నిండుగా గాలి అందక కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లు అధికమైన ఆకర్షణతో అంటుకుంటుంది. మొదట తలనొప్పి, తరువాత మగత. నిద్ర వస్తున్నదనుకొన్న మనిషి మళ్లీ లేవడు. మూసిన గుడారంలో, తలుపులు బిగించిన గదిలో, కారులో కుంపటి పెట్టుకొని నిద్రించినవారు తెల్లవారేసరికి శవాలై కనిపించిన వార్తలు ప్రతి శీతాకాలమూ దేశంలో ఏదో ఒక మూల నుండి వస్తూనే ఉంటాయి.

ఫర్నేసులో ఇనుమును విడిపించేది ఈ వాయువే. కార్మికునికి అది అన్నదాత, ఆదమరిస్తే మృత్యువు. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో ఒక పంపుహౌస్ వద్ద విషవాయువు వెలువడి ఆరుగురు చనిపోయారు. వారిలో ఉన్నతాధికారులూ ఉన్నారు. 2018 అక్టోబరులో కోక్ ఓవెన్ల గ్యాసు గొట్టం వద్ద జరిగిన ప్రమాదం మరికొందరిని బలిగొన్నది. భిలాయిలో ఆ దినాలను ఎరుగని వీథి లేదు. అందుకే ఇక్కడి పాతతరం కుంపటిని ఆరుబయటనే ఉంచుతుంది. చలి వేస్తే మరొక దుప్పటి కప్పుకోమంటుంది.

రెండవ భయం అడవికి సంబంధించినది. ఆకురాలు కాలం వచ్చిందంటే సాలవనం నేలంతా ఎండుటాకుల పరుపు. గాలికి లేచిన ఒక నిప్పురవ్వ చాలు. రక్షిత అరణ్యాలలో నిప్పు రాజేయడాన్ని 1927 నాటి భారత అటవీ చట్టం నిషేధించింది. కనుక నిప్పు చేయడానికి తగినది అడవి లోపలి చోటు కాదు; అనుమతి గల నీటితీరం, ఇసుక నేల. చుట్టూ ఆకులు ఊడ్చి, నీళ్ల బిందె పక్కన పెట్టుకొని మొదలుపెట్టాలి. తలపైన కొమ్మలలో పెద్ద తేనెపట్టు ఉన్నదేమో ముందే చూడాలి. పొగ తగిలిన కొండతేనెటీగలు గుంపుగా వచ్చి పడతాయి. ఇటీవలి సంవత్సరాలలో బాలోద్, ధమ్తరీ అడవులలోకి ఏనుగుల మందలు రావడం వలన, చీకటి పడకముందే తిరుగుముఖం పట్టడం మరింత అవసరమైంది.

ఊచకు గుచ్చేది సంతలో కొన్న మాంసమే కావాలి. తొలినాళ్లలో అడవి విహారమంటే తుపాకి కూడా వెంట వచ్చేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ రోజులకు తెరదించింది. కొన్న మాంసాన్ని మంచు పెట్టెలో తేవాలి; పచ్చిమాంసం పెట్టిన పళ్లెంలో కాల్చినది పెట్టరాదు; కోడి ముక్క మధ్యన ఎరుపు కనిపించకుండా కాలాలి. 74 డిగ్రీల వేడి లోపలిదాకా చేరితేనే క్రిములు నశిస్తాయి. అట్లని మాడ్చడమూ మంచిది కాదు. కొవ్వు నిప్పుల మీద పడి లేచే పొగలోనూ, బాగా మాడిన భాగంలోనూ క్యాన్సరుకు దోహదం చేసే పదార్థాలు ఏర్పడతాయి. మాడిన అంచు తీసివేసి, పక్కన ఆకుకూరలు, నిమ్మకాయ పెట్టుకొని, ఏడాదికి కొన్నిసార్లు తినే వేడుకగా ఉంచుకోవడమే వివేకం.

నీరూ మద్యమూ కలిసినచోట మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. దల్లీ–రాజహరా గనులలో ఈ పాఠం ఎప్పుడో నేర్చారు. శంకర్ గుహా నియోగి నాయకత్వాన 1977లో ఏర్పడిన అక్కడి కార్మికసంఘం కూలి రేట్ల కోసం పోరాడడంతో ఆగలేదు. మద్యపానానికి వ్యతిరేకంగా కార్మికుల ఇళ్లలోనే ఉద్యమం నడిపింది, 1983లో కార్మికుల శ్రమతో షహీద్ ఆసుపత్రిని నిలబెట్టింది. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. ఆయన బోధను గుర్తుంచుకొన్న కుటుంబాల వనభోజనంలో సీసాకు చోటుండదు.

ఆరవలసిన నిప్పు

మధ్యాహ్నం దాటింది. సాలపత్రాలు కుట్టిన విస్తళ్లలో ఊచల నుండి ముక్కలు జారుతున్నాయి. ఒక విస్తరిలో అంగాకర్ రొట్టె, ఉల్లిచక్రాలు. మరొక దానిలో పెరుగన్నం, ఊరుమిరపకాయ. మాంసం తినని పెద్దావిడకు వేరే నిప్పు మీద కాల్చిన వంకాయ పచ్చడి. నిన్న క్రేను మీద ఒకరినొకరు కసురుకొన్న ఇద్దరు ఇప్పుడు ఒకే ఊచ నుండి పంచుకుంటున్నారు. రాత్రి షిఫ్టు చేసివచ్చినవారిలో ఒకరు విస్తరి ముందరే కునుకు తీశారు. భార్య నవ్వుతూ ఆయన ముఖం మీద ఎండ పడకుండా కండువా కప్పింది.

నాలుగున్నర గంటలకు సామాన్లు సర్దడం మొదలవుతుంది. విస్తళ్లు ఒకచోట పోగుచేస్తారు. ప్లాస్టిక్ సంచులు తెచ్చినవారే తిరిగి తీసుకుపోవాలి. చివరి పని తాతగారిది. ఆయన మనుమడిని పిలుస్తారు. ఇద్దరూ కలిసి కుంపటిలో నీళ్లు పోస్తారు. బుస్సుమని ఆవిరి లేస్తుంది. కర్రతో కెలికి మళ్లీ పోస్తారు. ముచ్చటగా మూడవసారి పోసినపుడు చప్పుడు లేదు. ఆయన అరచేతి వెనుకభాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి, వేడి లేదని నిశ్చయించుకొన్న తరువాతనే లేస్తారు.

"ఇంత శ్రద్ధ ఎందుకు తాతయ్యా? ఎప్పుడో ఆరిపోయిందిగా."

"ఆరిందని కన్ను చెబితే నమ్మకూడదు నాన్నా. చేయి చెప్పాలి."

జీపులు ఉత్తరంగా మళ్లుతాయి. రాత్రి 10 గంటలకు ఈ బృందంలో ఇద్దరు మళ్లీ కర్మాగారం గేటు దగ్గర ఉండాలి. అక్కడి ఫర్నేసు ఒకసారి రాజేస్తే పెద్ద మరమ్మతు వచ్చేవరకు ఏళ్ల తరబడి ఆరకూడదు. దానిని ఆరనివ్వకపోవడమే వారి ఉద్యోగం. ఇక్కడి నిప్పు ఒక్క కణికె కూడా మిగలకుండా ఆరాలి. అది వారి ధర్మం. ఏది ఎప్పటిదాకా మండాలో తెలిసినవారి వెనుక, తాందులా గట్టున, తడిసిన బూడిద మాత్రం చల్లగా మిగిలింది.